నాన్నని మళ్ళీ జయంట్స్ మ్యాచ్‌కి తీసుకెళ్తున్నాం, ఈసారి రోజు పాడవకుండా ఏం చేయాలి?

సన్నీవేల్_సుధ
పోయిన ఏడాది అమ్మానాన్నలు వచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ వాళ్ళ ఒరాకిల్ పార్క్‌లో బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాం, రాత్రి మ్యాచ్. ఏదీ కలిసి రాలేదు. కార్లో వెళ్ళాం, పార్కింగ్ వెతకడానికే ముప్పావుగంట పట్టింది, చివరికి ఎక్కడో ఒక ప్రైవేటు లాట్‌లో పెడితే దానికి కట్టిన డబ్బుతో ఇంకో టికెట్ వచ్చేది. లోపలికి వెళ్ళేసరికి రెండో ఇన్నింగ్స్. జులై కదా అని అమ్మ పల్చటి కాటన్ చీరతో వచ్చింది, కాసేపటికే వణుకు. నాన్న బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యారు, క్రికెట్ అంటే ప్రాణం, రేడియోలో కామెంటరీ విన్న కాలం నుంచి ఫాలో అవుతున్నారు. ఆయనేమో "గంట నుంచి చూస్తున్నా, ఒక్కడూ సరిగ్గా కొట్టడేంటమ్మా, అన్నీ ఫుల్‌టాస్‌లే కదా" అని అడుగుతూనే ఉన్నారు, నాకూ సరిగ్గా తెలీదు, చెప్పలేకపోయాను. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదోదాంట్లోనే లేచి వచ్చేశాం.

అసలు బాధ ఏంటంటే మావాడికి తొమ్మిదేళ్ళు, లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడతాడు, వాడికి ఈ ఆటే లోకం. ఇంటికొచ్చేదాకా వెనక సీట్లో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు, "తాతయ్యకి నా ఆట నచ్చలేదు" అని. ఇప్పుడు మళ్ళీ అమ్మానాన్నలు వచ్చారు, శనివారం మధ్యాహ్నం 1:05 మ్యాచ్‌కి ఐదు టికెట్లు తీశాను, పై అంతస్తులో. తాతయ్యకి వాడి ఆట నచ్చాలి, నాకు అంతకన్నా ఏం అక్కర్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కాల్‌ట్రైన్_కిట్టు
ముందు కారు ఇంట్లో పెట్టండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. సన్నీవేల్‌లో కాల్‌ట్రైన్ ఎక్కితే చివరి స్టేషన్ ఫోర్త్ అండ్ కింగ్, అక్కడి నుంచి మెల్లగా నడిచినా పది నిమిషాల్లో గేటు దగ్గరుంటారు. 2024 నుంచి కరెంటు రైళ్ళొచ్చాయి, కుదుపు లేదు, పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. పాలో ఆల్టో దాటేసరికి పెట్టె నిండా నారింజరంగు జాకెట్లే, పిల్లలు గ్లవ్ చేతికి తొడుక్కునే కూర్చుంటారు. మీవాడికి అక్కడి నుంచే పండగ.

ఫ్రీమాంట్_పద్మ
కిట్టు గారు చెప్పింది పెనిన్సులా వాళ్ళకి. మా వైపు వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, బార్ట్ రైల్లో ఎంబార్కడెరో దాకా వెళ్ళి మ్యూనీ ఎన్ లైన్ ట్రామ్ ఎక్కండి, సెకండ్ అండ్ కింగ్‌లో దిగితే స్టేడియం ఎదురుగానే. మ్యాచ్ అయ్యాక మాత్రం ఆ స్టాప్ దగ్గర విపరీతమైన జనం, మేం నీళ్ళ పక్కనే ఎంబార్కడెరో వెంబడి నడిచేస్తాం, దూరమే కానీ సాయంత్రం పూట బాగుంటుంది.

ఓరుగల్లు_రాజు
అక్కా చలి ముచ్చట ముందుగాల చెప్పాలె. పక్కనే బే, గాలి ఆగది. మధ్యాహ్నం ఎండ ఉన్నా నాలుగైతే చాలు కథ మారుతది. మేం మొదటిసారి పోయినప్పుడు పొద్దున సన్నీవేల్‌ల ఎండ జూసి టీషర్ట్ మీదనే పోయినం, ఏడో ఇన్నింగ్స్ కల్లా పిల్లగానికి నా అంగీ కూడా ఇచ్చిన. మీ అమ్మగారికి స్వెటర్, తలకి మఫ్లర్, కాళ్ళ మీద కప్పుకోనీకి ఒక చిన్న దుప్పటి. సిగ్గుపడేదేం లేదు, అక్కడ అందరూ దుప్పట్లు కప్పుకొనే కూసుంటరు.

సన్నీవేల్_సుధ
దుప్పటి తీసుకెళ్ళొచ్చని అసలు తట్టలేదు. థాంక్స్ తమ్ముడూ. రైలు ఖాయం.

బ్లీచర్_బాబాయ్
టికెట్ తీసేశారు కాబట్టి లాభం లేదు గానీ తర్వాత చదివేవాళ్ళ కోసం: హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, పైన కప్పు ఉన్న వరుసల్లో నీడ ముందొచ్చేస్తుంది. అవుట్‌ఫీల్డ్ బ్లీచర్స్‌లో, అంటే దూరంగా బౌండరీ వెనక బెంచీల్లో, ఎండ చాలాసేపు ఉంటుంది. మన ఊళ్ళో నీడ కోసం చూస్తాం, ఈ ఊళ్ళో ఎండ కోసం చూడాలి. పై అంతస్తు తీసుకోవడం మాత్రం మంచి పనే, కింద కూర్చున్నవాళ్ళకి బే కనపడదు, పైనుంచి పడవలు, అవతలి గట్టు అన్నీ కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి ఆట మధ్యలో కళ్ళు తిప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలి.

షికాగో_చలి
బాబాయ్ గారితో ఒప్పుకోను. మొదటిసారి చూసేవాళ్ళకి పైనుంచి బంతి కనపడదు, వేగం అర్థం కాదు. ఒక్కసారైనా కింద దగ్గర్నుంచి చూడాలి. గంటకి 95 మైళ్ళు అంటే మన లెక్కలో 153 కిలోమీటర్లు, ఆ బంతి క్యాచర్ (మన కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో పడ్డ చప్పుడు వింటే ఎందుకు కొట్టలేకపోతున్నారో అంకుల్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్లీచర్_బాబాయ్
దానికి టికెట్ కొనక్కర్లేదు కదా చలి గారూ, తొందరగా వెళ్తే ఆ చప్పుడు ఉత్తినే వినొచ్చు. మ్యాచ్‌కి ముందు స్టార్టింగ్ పిచర్, అంటే మొదట బంతులు వేసేవాడు, బుల్‌పెన్ అనే ప్రాక్టీస్ చోట చేయి వేడి చేసుకుంటాడు, అప్పుడు కంచె దగ్గర నిలబడితే చాలు.

లెఫ్టార్మ్_స్పిన్
నేను ఒంగోలులో జిల్లా స్థాయి దాకా క్రికెట్ ఆడాను, ఇక్కడికొచ్చాక మూడేళ్ళు ఈ ఆటని పట్టించుకోలేదు, ఇప్పుడు రెండూ సమానంగా చూస్తాను. మీ నాన్నగారి ఫుల్‌టాస్ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దానికి సరైన జవాబు చెప్తే ఆయన లేవరు. పెద్ద పోస్టు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇక్కడ పిచర్ నిలబడే చోటికీ ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. పైగా పిచర్ మట్టిదిబ్బ మీద నుంచి అడుగు ముందుకేసి వదుల్తాడు. బంతి నేల తాకదు కాబట్టి మన పిచ్ మీద పడ్డాక తగ్గినట్టు వేగం తగ్గదు. బ్యాటర్ దగ్గర అర సెకను కూడా ఉండదు, అందులోనే అది తిన్నగా వస్తుందా, చివర్లో కిందికి జారుతుందా, పక్కకి కోసుకుపోతుందా తేల్చుకోవాలి. బ్యాటు గుండ్రం, మనలా వెడల్పు బ్లేడు కాదు. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని కొట్టాలి. ఇంకో మాట, మన లేట్ కట్, లెగ్ గ్లాన్స్ ఇక్కడ పనికిరావు, వెనక్కి పోతే ఫౌల్. ముందున్న తొంభై డిగ్రీల్లోనే పడాలి. అందుకే పదిసార్లు వచ్చి మూడుసార్లు హిట్ కొట్టినవాడు ఇక్కడ గొప్ప బ్యాటర్. మిగతా ఏడుసార్లు అవుటయ్యాడని ఎవరూ తిట్టరు.

లెక్క ఇలా చెప్పండి. ప్లేట్ 17 అంగుళాల వెడల్పు, దాని మీదుగా మోకాళ్ళకీ ఛాతీ మధ్యకీ నడుమ పోతే స్ట్రైక్. కనపడని వికెట్ అనుకోండి. అసలు వికెట్ వెడల్పు 9 అంగుళాలే కదా, ఇది దాదాపు రెట్టింపు, ఒక్కసారి తగిలితే అవుట్ కాదు, మూడుసార్లు తగలాలి. ఆ పెట్టె బయటకి పోతే "బాల్", మన వైడ్ లాంటిది, అవి నాలుగైతే ఉత్తినే మొదటి బేస్‌కి, అంటే చుట్టి రావాల్సిన నాలుగు మూలల్లో మొదటిదానికి, వెళ్ళిపోవచ్చు. ఊపి తగలకపోయినా స్ట్రైకే. ఫౌల్ కూడా స్ట్రైకే గానీ మూడో స్ట్రైక్‌కి మాత్రం ఫౌల్ లెక్కలోకి రాదు, అందుకే కొందరు ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ పిచర్ని అలసిపోయేలా చేస్తారు. ద్రావిడ్ ఆట నచ్చినవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది.

ఇంకోటి, 2026 నుంచి మన డీఆర్ఎస్ లాంటిది వచ్చింది, అంపైర్ చెప్పిన బాల్-స్ట్రైక్ మీద ఆటగాడు తల తట్టి చూపించి ఛాలెంజ్ చేయొచ్చు, జట్టుకి రెండు, నెగ్గితే ఆ ఛాలెంజ్ పోదు. అది వచ్చినప్పుడు నాన్నగారు మీకన్నా ముందు స్క్రీన్ వైపు చూస్తారు, చూడండి.

ఓరుగల్లు_రాజు
అన్నా నువ్వు ముందే కలిసుంటే నా మూడేండ్లు కూడా మిగులుతుండె.

కొత్తగా_చేరా
ఎంతసేపు ఉంటుందండీ మ్యాచ్? మా మామగారు మూడు గంటలు కూర్చోలేరు.

లెఫ్టార్మ్_స్పిన్
ఇదివరకు సగటున మూడు గంటల పైనే పట్టేది. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు, బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో బంతి వేయాలి. ఆ ఏడాదే సగటు 2 గంటల 40 నిమిషాల దగ్గరికొచ్చింది. మీరు పాత మ్యాచ్ ఏదైనా చూసి విసుగొచ్చి వదిలేసి ఉంటే మళ్ళీ చూడండి.

బ్లీచర్_బాబాయ్
స్పిన్ గారి పోస్టు దాచుకోదగ్గదే, కానీ ఒక్క విషయం. పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ వరసగా చెప్తే పాఠం అవుతుంది. ఏడాదికి ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంత మైదానంలో. ప్రతి మ్యాచూ ఫైనల్ కాదు. జనం కబుర్లు చెప్పుకుంటూ, తింటూ, మధ్యలో లేచి తిరిగొస్తూ చూస్తారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని కలిసి పాడతారు. ఆ తీరిక అర్థం కావాలి, రూల్స్ వాటంతటవే వస్తాయి.

లెఫ్టార్మ్_స్పిన్
తీరిక మీకు నాకు సరే. 34 ఏళ్ళు లెక్కలు చూసిన మనిషికి రూల్ తెలీకుండా తీరిక ఎక్కడి నుంచి వస్తుంది బాబాయ్. స్కోరు అర్థం కాని ఆట ముందు కూర్చోబెట్టడమే పోయిన ఏడాది జరిగిన పొరపాటు.

ఫ్రీమాంట్_పద్మ
మీ ఇద్దరూ ఒక మనిషిని మర్చిపోయారు. సుధా, నువ్వు చెప్పకు, ఈ స్పిన్ గారి పోస్టు చదివి వినిపించకు కూడా. మీవాణ్ణి చెప్పనీ. తొమ్మిదేళ్ళవాడికి ఆట తెలుసు కదా, తాతయ్యకి నేర్పే పని వాడికి అప్పజెప్పు. తెలుగు తడబడితే తడబడనీ. మా మామగారు కాకినాడలో మాస్టారుగా చేశారు, జీవితమంతా ఇంకొకళ్ళకి చెప్పడమే గానీ వినడం లేదు, మా అమ్మాయి ఒక్కతే ఆయన్ని కూర్చోబెట్టి నేర్పింది. మనవరాలు అడిగితే తప్పు జవాబు చెప్పకూడదని ఇంటి దగ్గర టీవీలో మ్యాచ్‌లు చూసి ప్రిపేర్ అయ్యేవారు.

ఇంకా ఒకటి. మీ నాన్న బ్యాంకు మనిషి అన్నావు. స్కోర్‌బుక్ కొను. చిన్న గడుల పుస్తకం, ప్రతి బ్యాటర్‌కి ఇన్నింగ్స్‌కి ఒక గడి. తొమ్మిదిమంది ఫీల్డర్లకి నంబర్లుంటాయి, పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక దూరంగా ఉండే లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ పట్టి సెకండ్‌కి ఇచ్చి అక్కడి నుంచి ఫస్ట్‌కి పోయి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అయితే 6-4-3 అని రాస్తారు. మూడు స్ట్రైకులకి అవుటైతే (స్ట్రైకవుట్) ఇంగ్లీషు కె, ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే కె ని తిరగేసి రాస్తారు. చేతిలో పెన్సిల్ ఉన్న మనిషికి నిద్ర రాదు.

సన్నీవేల్_సుధ
పద్మక్కా ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. వాడు చెప్తే నాన్న వింటారు. ఈ రాత్రే ఆర్డర్ పెడతాను.

పులిహోర_పార్టీ
అసలు విషయానికి రండి, తిండి సంగతి?

ఓరుగల్లు_రాజు
వచ్చిండు.

పులిహోర_పార్టీ
నవ్వండి పర్లేదు. అమ్మగారు వెజిటేరియన్ అయితే అక్కడ వెల్లుల్లి ఫ్రైస్ ఫేమస్, గిల్‌రాయ్ వెల్లుల్లి, కొత్తిమీరలాంటి ఆకు తరిగి పైన గుప్పెడు వేస్తారు, రెండు వరుసల అవతల తింటున్నా వాసన తెలుస్తుంది. నూనె సంగతి పట్టింపు ఉంటే కౌంటర్ దగ్గర అడగాలి. మేమైతే పులిహోర పట్టుకెళ్తాం, జిప్ కవర్లలో ఒక్కొక్కరికి ఒక్కోటి, గట్టి డబ్బాలు వద్దు. సెక్యూరిటీ దగ్గర చూసి పంపించారు ప్రతిసారీ. చింతపండు పులిహోర చల్లారినా బాగుంటుంది, నిమ్మకాయది సాయంత్రానికి చేదొస్తుంది. పెరుగన్నం మాత్రం వద్దు, ఒరిగిందంటే బ్యాగంతా పోయినట్టే. బ్యాగు సైజు రూల్స్ మారుతుంటాయి, ముందురోజు టీమ్ సైట్‌లో చూసుకోండి, వీపు బ్యాగు మీద పట్టింపు ఎక్కువ.

షికాగో_చలి
స్టేడియానికి వెళ్ళి పులిహోరా? ఒక్క రోజు అక్కడిది తినండి. తిండి కూడా ఆటలో భాగమే.

పులిహోర_పార్టీ
ఐదుగురికి అక్కడ కొంటే ఎంతవుతుందో చూశారా చలి గారూ. పైగా 65 దాటినవాళ్ళకి మధ్యాహ్నం ఒంటిగంట అంటే అన్నం వేళ. ఆకలితో ఉన్న మనిషికి ఏ ఆటా నచ్చదు. అన్నం తిని ఆ తర్వాత ఫ్రైస్ పంచుకోండి, రెండూ కుదురుతాయి.

కదిరి_చిన్నోడు
వెజ్ అంటే శెనక్కాయలు ఉన్నాయి కదప్పా. పొట్టుతో వేయించి ఉప్పు పట్టించినవి, సంచిలో ఇస్తారు. మా నాయన అనంతపురం ఎర్రనేలలో నలభై ఏండ్లు శెనక్కాయ పండించినాడు, వానొస్తే పంట లేకుంటే లేదు. పోయిన ఎండాకాలం ఇక్కడికొచ్చినప్పుడు మ్యాచ్‌కి తీసుకుపోతే ఆట చూడకుండా ఆ కాయ చేతిలో పట్టుకుని తిప్పి చూస్తా ఉండాడు. బొటనవేలితో ఒత్తి చిట్లగొట్టి పప్పు అరచేతిలో వేసుకుని, "రెండే గింజలు గానీ ఎంత లావుండాదో చూడు, పొట్టు ఎంత మందముందో, దీనికి నీళ్ళు బాగా అందినాయి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం నేను మర్చిపోలేను. పక్క సీటు పెద్దాయన, ఆయనా వ్యవసాయం చేసిన మనిషేనంట, ఇద్దరూ నా తర్జుమాతో మూడు ఇన్నింగ్స్ శెనక్కాయ గురించే మాట్లాడుకున్నారు. మా నాయనకి ఇప్పటికీ ఎవరు గెలిచినారో తెలీదు, కానీ ఊర్లో అందరికీ ఆ మ్యాచ్ గురించి చెప్తాడు.

ఓరుగల్లు_రాజు
పల్లీల గురించి ఇంత మంచి పోస్ట్ ఎన్నడూ సదవలే.

ఫ్రీమాంట్_పద్మ
వేరుశనగ అనాలి.

కదిరి_చిన్నోడు
శెనక్కాయే.

డాలస్_వెంకట్
టాపిక్ మారుస్తున్నా క్షమించండి, మా డాలస్ వైపు వాళ్ళకి చలి సమస్య కాదు, ఎండ సమస్య. ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ స్టేడియం 2020లో తెరిచారు, పైకప్పు మూసేస్తారు, ఏసీ, నడివేసవిలో కూడా పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చు. అక్కడికి మాత్రం కారు తప్పదు, రైలు లేదు. క్రికెట్ వాళ్ళకి ఒక విశేషం, మా గ్రాండ్ ప్రెయిరీ క్రికెట్ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ మైదానమే, దాన్నే మార్చి 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. రెండూ చూపిస్తే మీ నాన్నగారికి తేడా ఇట్టే తెలుస్తుంది.

షికాగో_చలి
మా రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిది, అవుట్‌ఫీల్డ్ గోడ నిండా ఐవీ తీగ. 1988 దాకా లైట్లే లేవు, మ్యాచ్‌లన్నీ పగలే. రెడ్ లైన్‌లో ఆడిసన్ స్టాప్‌లో దిగితే చాలు. అక్కడో ఆచారం ఉంది, ఎదుటి జట్టు హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) బంతి బ్లీచర్స్‌లో పడితే పట్టినవాడు దాన్ని తిరిగి మైదానంలోకి విసిరేయాలి, లేకపోతే చుట్టూ జనం ఊరుకోరు.

కొత్తగా_చేరా
మిగతా చోట్ల బంతి మనకే ఇచ్చేస్తారా నిజంగా?

బ్లీచర్_బాబాయ్
స్టాండ్‌లోకి వచ్చిందంటే పట్టినవాళ్ళదే. క్రికెట్‌లో తిరిగి విసరాలి కదా, మనవాళ్ళు అలవాటు కొద్దీ విసిరేస్తుంటారు, ఆపండి. అందుకే పిల్లలు గ్లవ్ తెస్తారు. మీవాడికి బంతి కావాలంటే గేట్లు తెరవగానే లోపలికెళ్ళండి, బయటి జట్టు బ్యాటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే బంతులు స్టాండ్స్‌లోకి వస్తుంటాయి. అయితే ముందురోజు రాత్రి మ్యాచ్ ఉంటే మర్నాడు పగటి మ్యాచ్‌కి చాలాసార్లు మైదానంలో ప్రాక్టీస్ ఉండదు, శనివారం కాబట్టి ఆశ పెట్టించకండి పిల్లాడికి.

ఫ్రీమాంట్_పద్మ
బంతి పిల్లలకి దొరికితే ఎంత ఆనందమో, చూడకుండా కూర్చుంటే అంత ప్రమాదం. ఫౌల్ బంతి తిన్నగా తల మీదికి వస్తుంది. ముందు వల కట్టినంత మేరా ఫర్వాలేదు, వల దాటిన సీట్లయితే బంతి వేసేటప్పుడు ఫోన్ చూడొద్దని అమ్మకి గట్టిగా చెప్పు.

కాల్‌ట్రైన్_కిట్టు
పిల్లాడి కోసం ఇంకా: లెఫ్ట్ ఫీల్డ్ వెనక పెద్ద సీసా ఆకారం, లోపల జారుడుబండలు, పక్కనే పాతకాలపు గ్లవ్ ఏనుగంత ఉంటుంది. మ్యాచ్‌కి ముందే ఎక్కించేయండి, తర్వాత క్యూ. రైట్ ఫీల్డ్ గోడ వెనక నీళ్ళలో కయాక్‌లు వేసుకుని జనం బంతి కోసం కాచుకుని ఉంటారు, ఆ నీళ్ళని మెకవీ కోవ్ అంటారు. ఆ గోడ 24 అడుగులు, జయంట్స్ పాత దిగ్గజం విల్లీ మేస్ జెర్సీ నంబర్ 24 అని అంతే ఎత్తు కట్టారు. బయట ఆయన విగ్రహం చుట్టూ తాటిచెట్లలాంటివి ఉంటాయి, అవీ 24. తాతయ్యని లెక్కపెట్టమనండి.

టికెట్లు అన్నీ మీ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి రైల్లో వీడియోలు చూసి ఛార్జింగ్ అవగొట్టొద్దు. ఇంటి దగ్గరే వాలెట్‌లోకి ఎక్కించుకోండి, గేటు దగ్గర నెట్ దొరకదు.

లెఫ్టార్మ్_స్పిన్
మన దేశం నుంచి కూడా ఇద్దరు ఈ ఆటలోకి వచ్చారని చెప్పండి నాన్నగారికి. 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, జావెలిన్ విసిరేవాళ్ళు, పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ సంస్థలో పిచర్లుగా చేరారు. పెద్ద లీగ్ దాకా రాలేదు గానీ అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోని పిల్లలు అక్కడిదాకా వెళ్ళడం చిన్న విషయం కాదు. మన కోల్‌కతా రింకూ వేరు, ఈయన వేరు.

డాలస్_వెంకట్
సుధ గారూ వెళ్ళొచ్చాక చెప్పడం మర్చిపోకండి, ఇక్కడ అందరం ఎదురుచూస్తుంటాం.

సన్నీవేల్_సుధ
వెళ్ళొచ్చాం. నిన్న రాత్రి రాద్దామనుకున్నా, అలిసిపోయి పడుకున్నాను. మొత్తం చెప్తాను.

పొద్దున పది దాటాక రైలెక్కాం. మావాడు స్కోర్‌బుక్ తాతయ్య ఒళ్ళో పెట్టి రైల్లోనే మొదలుపెట్టాడు, వాడికి తెలుగులో మాట దొరకనప్పుడు వేలితో కిటికీ అద్దం మీద బొమ్మ గీశాడు, డైమండ్ గీసి నాలుగు మూలలు. నాన్న "అంటే నాలుగు మూలలూ చుట్టి ఇంటికొస్తేనే ఒక పరుగు, మధ్యలో ఎక్కడ ఆగిపోయినా సున్నా, అంతేనా" అన్నారు. వాడు "అంతే తాతయ్యా" అన్నాడు. పోయిన ఏడాది నేను ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

విగ్రహం దగ్గర చెట్లు ఇద్దరూ లెక్కపెట్టారు, ఒకసారి 23 వచ్చింది, మళ్ళీ లెక్కపెట్టారు. ప్రాక్టీస్ లేదు, బాబాయ్ గారు చెప్పినట్టే. జారుడుబండ అయింది. బుల్‌పెన్ దగ్గర ఆ చప్పుడు విన్నాక నాన్న ఫుల్‌టాస్ మాట మళ్ళీ ఎత్తలేదు, "ఇది కనపడదే" అని మాత్రం అన్నారు.

పులిహోర ఒకటిన్నరకి అయిపోయింది. అమ్మ స్వెటర్, మఫ్లర్, దుప్పటి మూడూ వాడింది. కదిరి తమ్ముడూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను, శెనక్కాయలు కొన్నాం. చుట్టూ అందరూ పొట్టు కాళ్ళ కిందే వేస్తున్నారు, అమ్మకి మనసొప్పలేదు, పులిహోర ఖాళీ కవర్లోకి ఒక్కొక్క పొట్టూ ఏరి వేసింది. ముందు వరుసలో పాప తిరిగి చూసి తన పొట్టు కూడా తెచ్చి అందులోనే వేసింది.

ఇక నాన్న. మొదటి రెండు ఇన్నింగ్స్ మావాడు చెప్తే ఆయన రాశారు, మూడో ఇన్నింగ్స్ నుంచి ఆయనే రాసి వాడికి చూపించి సరేనా అని అడిగారు. ఆ పాత లెడ్జర్ రాతే, గడి గీత దాటకుండా. తిరగేసిన కె మొదటిసారి వచ్చినప్పుడు రెండుసార్లు చెరిపి దిద్దారు. ఒకసారి ఛాలెంజ్ వచ్చింది, స్పిన్ గారూ, మీరన్నట్టే నాకన్నా ముందు స్క్రీన్ వైపు తిరిగారు. ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచినప్పుడు ఆయనా లేచారు, పాట రాదు, పెన్సిల్ చెవికి పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

మ్యాచ్ అయిపోయింది, జనం వెళ్ళిపోతున్నారు, ఆయన లేవడం లేదు. బోర్డు మీద రన్స్, హిట్స్, ఎర్రర్స్ (ఫీల్డర్ల తప్పులు) ఉంటాయి కదా, ఆయన పుస్తకంలో మన జట్టు హిట్స్ ఒకటి తక్కువ, అవతలి జట్టు ఎర్రర్స్ ఒకటి ఎక్కువ. "టాలీ అవ్వకుండా కౌంటర్ మూసే అలవాటు లేదమ్మా" అన్నారు. తాతా మనవడూ తలలు కలిపి ఒక్కో గడీ వెనక్కి చూసుకుంటూ వచ్చారు. సముద్రపు పక్షులు వచ్చి సీట్ల మీద వాలాయి, కింద పడ్డ ఫ్రైస్ ఏరుకుంటున్నాయి, మా వరుసలో మేం ఐదుగురమే. నాలుగో ఇన్నింగ్స్‌లో దొరికింది, షార్ట్‌స్టాప్ బంతి వదిలేశాడనుకుని ఈ-6, అంటే 6వ నంబర్ ఫీల్డర్ ఎర్రర్, అని రాశారు, స్కోరర్ దాన్ని హిట్ ఇచ్చాడు. మావాడే కనిపెట్టాడు. నాన్న చెరిపి, దిద్ది, కింద తేదీ వేసి సంతకం పెట్టి, పక్కన వాణ్ణి కూడా పెట్టమన్నారు. "చెకింగ్ ఆఫీసర్ సంతకం లేకుండా చెల్లదు" అని.

అనుకున్న రైలు పోయింది, తర్వాతది ఎక్కాం.

ఫ్రీమాంట్_పద్మ
సుధా, ఆ పేజీ ఫ్రేమ్ కట్టించు.

లెఫ్టార్మ్_స్పిన్
హిట్టా ఎర్రరా అన్నది అఫీషియల్ స్కోరర్‌కే కష్టమైన నిర్ణయం, అంకుల్ మొదటి మ్యాచ్‌లోనే దాని దాకా వెళ్ళారు. నమస్కారం చెప్పండి నా తరఫున.

కదిరి_చిన్నోడు
అమ్మగారికి శెనక్కాయ నచ్చిందా లేదా అది చెప్పలేదు.

సన్నీవేల్_సుధ
ఉప్పెక్కువ అంది. సగం సంచి ఇంటికి తెచ్చి, కడిగి ఆరబెట్టి, ఇవాళ చట్నీ చేసింది.

పులిహోర_పార్టీ
ఆ చట్నీ ఎలా వచ్చిందో రాయండి.

కొత్తగా_చేరా
మాకు ఐదు టికెట్ల ఖర్చు ఎక్కువనిపిస్తోంది, తక్కువలో ఎక్కడైనా ఉందా?

బ్లీచర్_బాబాయ్
శాన్ హోసే జయంట్స్ మ్యాచ్‌లు చూడండి, ఇదే సంస్థలో కుర్రాళ్ళ జట్టు, 1942 నాటి చిన్న మునిసిపల్ స్టేడియం, ఎక్కడ కూర్చున్నా మైదానం పక్కనే. అంకుల్‌ని స్కోర్‌బుక్‌తో అక్కడికీ తీసుకెళ్ళొచ్చు సుధ గారూ.

సన్నీవేల్_సుధ
చెప్పాను, వస్తానన్నారు. ముందు గురువారం మా పార్కులో మావాడి ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది, దానికి ఇంకో పెన్సిలు, మంచి రబ్బరు కొని తెమ్మన్నారు.